గద్దముక్కు వాలులో బయ్యన్న

రత్నకూట రాజ్యాన్ని ఏలే మకరందవర్మ మహారాజు కోటకు ఉత్తరాన కొత్త ఉద్యానవనం వేయిస్తున్నాడు. అందులో తామరకొలను తవ్వారు. కొలను చుట్టూ పొగడలు, సంపెంగలు, పారిజాతాలు నాటారు. చంద్రకాంత శిలలతో మెట్లు కట్టారు. ఆ మెట్ల మీద నడిస్తే నడివేసవిలో కూడా అరికాళ్ళకు చలువ తగిలేది. నెమళ్ళు ఆడడానికి పచ్చిక దిబ్బ, చిలుకలు వాలడానికి వెండితీగల పందిరి, రాణివాసం ఊగడానికి గంధపుచెక్క ఉయ్యాలలు అమర్చారు. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేని ఆ వనం నడుమ ఒక గద్దె మాత్రం బోసిగా ఉండిపోయింది. దాని మీద నిలబెట్టవలసిన నల్లబండ ఆ రోజు తెల్లవారగానే గద్దముక్కు కొండ మీదనుంచి బయలుదేరింది.

పొద్దు గూకేలోగా బండ గద్దె ఎక్కాలి. ఎక్కిన వెంటనే పన్నెండుమంది శిల్పులు ఉలులు దించి దాన్ని ఏనుగుగా చెక్కాలి. ఆజ్ఞ రాజుది. ఆలోచన మాత్రం ఆయన కొలువులో కొత్తగా చేరిన మాంత్రికుడు కుంభీరకుడిది.

నిజానికి అది బండ కాదు, మనిషి. ఆ సంగతి కుంభీరకుడికి తెలుసు. తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని అతని ధీమా. కాని బండను దించుతున్న మేస్త్రీ గంగప్పకు నిన్న మధ్యాహ్నమే తెలిసిపోయింది. తెలిసిన క్షణం నుంచి అతనికి ముద్ద దిగలేదు, నాలుక పిడచకట్టుకుపోయింది, ఎవరు పలకరించినా ఉలిక్కిపడుతున్నాడు. ఆ బండ అతని సొంత అన్న బయ్యన్న మరి.

మూడు నెలల కిందటి వరకు రాజ్యంలో పెద్దమేస్త్రీ బయ్యన్నే. వనానికి కావలసిన రాళ్ళన్నీ అతనే దించాడు. ఒకనాడు దించిన రాయి అంచు పెళ్ళ లేస్తే అందులోంచి నెత్తురు కారింది. బయ్యన్న ఆ నెత్తురు వేలితో అద్ది చూసి, తిన్నగా కుంభీరకుడి దగ్గరికి పోయి, "ఇట్టాంటి రాళ్ళు నేను దించను సామీ, ఇంకొకణ్ణి చూసుకో" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి బయ్యన్న కనబడలేదు. మర్నాడు గద్దముక్కు కొండ కొమ్మున, అంతకుముందు లేనిచోట, ఈ నల్లబండ కనబడింది. కొండ దిగువన గొర్రెలు మేపుకునే నీలవ్వ అనే ముసలి యోగిని ఇదంతా చూస్తూనే ఉంది. నిన్న ఆమె గంగప్పను పక్కకు పిలిచి మూడు మాటలు చెప్పింది. బండను పగలనివ్వకుండా పాలగుండం నీళ్ళలో ముంచితే అన్న తిరిగి మనిషవుతాడు. బండకు పడిన బీట అన్న ఒంటికి పడిన బీటే. ఉలి తగిలిందా, ఇక అన్న లేడు.

పాలగుండం కొండకు సగం దిగాక, దారికి దిగువన, లోయ అంచులో ఉంది. దారిలో ఒక మలుపు దగ్గరనుంచి గొర్రెలు దిగే డొంక ఒకటి మెల్లగా చుట్టూ తిరిగి అక్కడికి పోతుంది. ఆ మలుపు దగ్గర ఏదో ఒక సాకు చెప్పి బండను డొంకలోకి తిప్పాలని గంగప్ప ఎత్తు. ఎత్తు బాగానే ఉంది, వేసినవాడి కాళ్ళే వణుకుతున్నాయి.

కథల్లో నాయకులకు భయం అంటే ఏమిటో తెలియదంటారు. గంగప్పకు అదొక్కటే తెలుసు. ఉరుమంటే భయం, తేలంటే భయం, పెళ్ళాం గొంతు పెంచితే భయం, అన్నిటికన్నా వాలు మీద నిలబెట్టిన రాయంటే భయం. పలుగుతో పదిసార్లు పొడిచి చూడనిదే నేల మీద కాలు పెట్టడు. మోకు పేట పేటా వేళ్ళతో తడిమి చూడనిదే ముడి వేయనివ్వడు. తోటివాళ్ళు వెనకాల నవ్వుకునేవాళ్ళు. అయినా అతను పక్కనున్న పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఒక్కడి కాలివేలు కూడా నలగలేదు. అందుకని ఆ నవ్వే వాళ్ళే తమ తమ్ముళ్ళను, మేనల్లుళ్ళను తెచ్చి అతని చేతిలో పెట్టేవాళ్ళు.

ఆ ఉదయం అతని భయానికి అంతు లేకుండా పోయింది. బండ చుట్టూ తడిపిన వరిగడ్డి నాలుగు వరసలు కప్పించి పైన గోతాలు కుట్టించాడు. మద్దిదూలాల మీద బిగించిన బల్ల మీదికి ఎక్కించి, బండ కదలకుండా చుట్టూ దిమ్మలు కొట్టించాడు. వాలు కనక బండి వద్దన్నాడు, చక్రాలు వద్దన్నాడు. బల్ల నేల మీదే జారాలి. వెనక రెండు మోకులు కట్టి, పైన ఉన్న ఏ చెట్టు మొద్దుకో, పాతుకున్న గుండుకో రెండు చుట్లు చుట్టి, జానెడు జానెడు వదలాలి. పద్దెనిమిది మంది కూలీలూ బండకు ఎగువనే ఉండాలి. దిగువన పిట్ట కూడా ఉండకూడదు.

ఆ పద్దెనిమిది మందిలో చివరివాడు సోముడు. అసలు పేరు శౌర్యకేతు, మహారాజు ఒక్కగానొక్క కొడుకు. మాంత్రికుడి గుట్టు బయటపెట్టాలని కూలివాడి గోచీ బిగించాడు. ఆ సంగతి గంగప్ప ఒక్కడికే తెలుసు. కత్తిని బోలు వెదురు గడలో దాచుకొని ఆ గడనే భుజాన వేసుకు తిరుగుతున్నాడు. పులితో కలియబడ్డవాడే గాని మోకు పట్టడం మాత్రం చేతకాదు. పొద్దున్నుంచి అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఈ నడకన పోతే మనం చీకటి పడ్డా దిగం మేస్త్రీ" అన్నాడు రహస్యంగా.

"దిగకపోతే పోయె దొరా" అన్నాడు గంగప్ప, చుట్టూ చూసుకుంటూ. "దొర్లిందంటే మాత్రం రెప్పపాటులో దిగుతాం. మోకు చేతికి చుట్టుకోబాకండి. అది లాగితే చెయ్యి దాంతోనే పోతాది."

రాళ్ళు దించేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. బండ కదిలే ముందు ప్రతిసారీ మేస్త్రీ ఒక్కొక్కరి పేరు పిలుస్తాడు. ఆ మనిషి తాను నిలబడిన చోటునుంచి 'ఉండా' అనాలి. గొంతు ఎటునుంచి వచ్చిందో మేస్త్రీ చెవితో పట్టుకుంటాడు. ఒక్క గొంతు రాకపోయినా, వచ్చిన గొంతు దిగువనుంచి వచ్చినా బండ కదలదు. ఇంద్రుడు దిగివచ్చి చెప్పినా కదలదు. అందరూ పలికాక, మేస్త్రీ పేరును అతని తర్వాతివాడు పిలుస్తాడు. మేస్త్రీ కూడా పలకాలి. బయ్యన్న మేస్త్రీగా ఉన్న పద్దెనిమిదేళ్ళూ ఆ చివరి పిలుపు గంగప్పదే. ఇప్పుడు గంగప్ప మేస్త్రీ కనక, ఆ పని ముసలి సిద్దప్పకు వచ్చింది.

"సిద్దప్పా." "ఉండా." "యెంగటా." "ఉండా." "పుల్లయ్యా." "ఉండా." ఇలా పద్దెనిమిది గొంతులు పలికాయి. చివర సోముడు "ఉన్నాను" అని రాజసంగా పలికితే కూలీలు ముసిముసిగా నవ్వారు. సిద్దప్ప "గంగప్పా" అన్నాడు. గంగప్ప "ఉండా" అన్నాడు. బల్ల జానెడు జారింది.

మొదటి గండం ఒంటెమూపు అనే మిట్ట దగ్గర వచ్చింది. రాత్రి వానకు దారి అడ్డంగా తెగి, మోకాటిలోతు కాలువ పడింది. గంగప్ప దాన్ని రాళ్ళతో నింపించాడు, మీద కంకర దిమ్మిస కొట్టించాడు, ఆపైన నాలుగు తాటిమొద్దులు పక్కపక్కన పరిపించాడు. పలుగుతో పొడిచి పొడిచి చూశాడు. అయినా బల్ల సగం దాటాక కింద ఎక్కడో మట్టి మెత్తబడింది. ఒక తాటిమొద్దు కిర్రుమని పక్కకు దొర్లింది. బల్ల కుడివైపుకు ఒరిగింది. ఆ వైపున కొండచరియ, చరియ కింద లోయ ఉన్నాయి. లోయలో గద్దలు తిరుగుతుంటే వాటి వీపులు పైనుంచి కనబడుతున్నాయి.

"పట్టు" అన్నాడు గంగప్ప.  మోకులు పట్టినవాళ్ళు వెనక్కి వాలి మడమలు నేలలో దిగేసుకున్నారు. యెంగటడు ఎడమవైపు పలుగు దూర్చి తన బరువంతా వేశాడు. పుల్లయ్య అడ్డుదిమ్మను కాలితో తోశాడు. దిమ్మ పడింది, బల్ల ఆగింది. కాని ఆగే ముందు బండ కొస చరియ రాతికి ఒక్కసారి తగిలింది. గట్టిగా కూడా కాదు, తలుపు గడపకు తగిలినంత.

గంగప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. చరియ పట్టుకొని పాక్కుంటూ అక్కడికి చేరి గోతం ఎత్తి చూశాడు. గడ్డి ఎర్రగా తడిసి ఉంది. గోరంత పెళ్ళ లేచింది. అక్కడనుంచి నెత్తురు బొట్టుబొట్టుగా ఊరుతోంది. గంగప్ప తలగుడ్డ విప్పి ఆ చోట అదిమి, "నొప్పెట్టిందా అన్నా" అన్నాడు ఎవరికీ వినబడకుండా.  అతను తలగుడ్డను అక్కడే కట్టేసి, గడ్డి కప్పి, కళ్ళు తుడుచుకొని లేచాడు. 

"ఏంది మేస్త్రీ, పగిలిందా?" అన్నాడు సిద్దప్ప.

"లేదు. గోతం చినిగింది అంతే. పేర్లు పిలవాల, సర్దుకోండి."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ మలుపు దగ్గరికి చేరారు. ఎడమవైపున గొర్రెల డొంక, కుడివైపున రాజమార్గం. ఎదురుగా తిన్నగా కిందికి దిగే బోడివాలు ఒకటి ఉంది. దానికి దారి లేదు, చెట్టు లేదు, పైనుంచి కిందిదాకా గుల్లకంకరే. ఆ వాలు అడుగున పాలగుండం తెల్లగా మెరుస్తోంది. బల్లను మలుపులో నిలిపి, దిమ్మలు కొట్టి, మోకులను పాత చండ్రచెట్టు మొద్దుకు చుట్టారు. అప్పుడే కొండమబ్బు దిగింది. చూస్తుండగానే చెట్లు పోయాయి, లోయ పోయింది, పక్కనున్న మనిషి పోయాడు. చెయ్యి చాచితే అరచెయ్యి కనబడని తెల్లదనం వచ్చి అందరినీ కప్పేసింది.

ఆ తెల్లదనంలోంచి పల్లకీ బోయీల అడుగుల చప్పుడు వినిపించింది. వెనకాలే పదిమంది భటుల చెప్పుల చప్పుడు. ముందుగా దిగిపోయాడనుకున్న కుంభీరకుడు తిరిగి వచ్చాడు.

"గంగప్పా, ఎందుకు ఆగింది?" గొంతు మెత్తగా ఉంది. 

"రాజమార్గం కోసుకుపోయింది సామీ. ఈ డొంకన తిప్పి దించుదామని..."

"నేను ఇప్పుడే ఆ మార్గాన వచ్చాను. ఎక్కడా కోసుకుపోలేదే." మబ్బులో ఏదో నల్లగా దగ్గరికి వచ్చింది. మొసలిచర్మం కప్పుకున్న పొడుగాటి మనిషి, చేతిలో ఎముక పిడి ఉన్న దండం. "నా కళ్ళెదుటే దించు. రాజమార్గానే దించు. కదిలించు."

ఇక దారి లేదు. రాజమార్గం పడితే పొద్దు గూకేలోగా అన్న ఉలుల కింద ఉంటాడు. తిప్పితే మాంత్రికుడు ఇక్కడే పసిగడతాడు. గంగప్ప బుర్ర మొద్దుబారిపోయింది. బుర్ర పనిచేయనప్పుడు మనిషిని అలవాటు నడిపిస్తుంది. అతను నోరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

మబ్బులో మొహాలు లేవు, గొంతులే ఉన్నాయి. సిద్దప్ప మొద్దు దగ్గరనుంచి పలికాడు. యెంగటడు ఎడమనుంచి పలికాడు. పుల్లయ్య గొంతు కాస్త దిగువగా వినబడేసరికి గంగప్ప ఆగాడు. "పైకి రా పుల్లయ్యా" అని మళ్ళీ పిలిచి, పైనుంచి బదులు వచ్చాకే ముందుకు పోయాడు. పదిహేడు, పద్దెనిమిది. చివరి గొంతు పలికింది. అక్కడితో ఆగి, తన పేరు సిద్దప్ప పిలిచేదాకా ఊరుకోవాలి. కాని పద్దెనిమిదేళ్ళపాటు, పద్దెనిమిది పేర్ల తర్వాత, ఆ నోరు ఇంకొక పేరు పిలుస్తూ వచ్చింది. భయంలో అది తన పాత దారి పట్టేసింది.

"బయ్యన్నా" అన్నాడు గంగప్ప.

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఉండా" అంది బండ.

బరువైన, కాస్త బొంగురు గొంతు. గోతాల లోపలినుంచి, గడ్డి లోపలినుంచి, రాతి లోపలినుంచి వచ్చింది. ఆ గొంతు ఎరగని కూలీ అక్కడ లేడు. మబ్బులో ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. సిద్దప్ప మోకు వదలకుండానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆహా" అన్నాడు కుంభీరకుడు. "తమ్ముడికి తెలుసన్నమాట. భటులారా, కూలీలను మోకు వదలమనండి."

భటులు కొరడాలు ఝళిపించారు. వీపులు చిట్లాయి. ఒక్కడూ కదల్లేదు.

"దిగువనుంచి మనిషి గొంతు పలికింది సామీ" అన్నాడు సిద్దప్ప. "పలికినాక కదలదు. మా ఆచారం."

"అయితే ఇక్కడే పగలగొట్టండి. కంకర చేసి వనంలో బాటకు పరుస్తాను" అన్నాడు మాంత్రికుడు.

భటులు కొరడాలు పారేసి కూలీల సమ్మెటలు అందుకున్నారు. మొదటి సమ్మెట గాలిలోకి లేచింది. అది దిగలేదు. బోలు వెదురు రెండుగా చీలిన చప్పుడు, ఆ వెంటనే ఉక్కు ఉక్కుకు తగిలిన చప్పుడు వినిపించాయి. "ఆ బండను ముట్టుకున్నవాడు ముందు రత్నకూట యువరాజును దాటాలి" అన్నాడు సోముడు, సోముడి గొంతుతో కాదు. భటులు ఆ గొంతు గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేశారు. కుంభీరకుడు దండం ఎత్తి ఏదో గొణిగాడు. మబ్బులోంచి గుడ్లగూబ తలలున్న పాములు నాలుగు శౌర్యకేతు మీదికి ఉరికాయి. కత్తి తిరగసాగింది. తెగిన ప్రతి తలకూ రెండు తలలు మొలుస్తున్నాయి. యువరాజు నవ్వుతూనే ఉన్నాడు గాని, అడుగడుగూ వెనక్కి, బండ వైపుకే జరుగుతున్నాడు.

గంగప్ప ఆ పోరాటం చూడలేదు. బండకు చెవి ఆనించి నిలబడ్డాడు. 

"గంగా" అంది రాయి. "ముందు ఏముందిరా?"

"బోడివాలు అన్నా. అడుగున పాలగుండం."

"నేల?"

"గుల్లకంకర."

"తడిసిందా?"

"రాత్రి వాన పడింది."

 మేస్త్రీగా ఉన్నప్పుడు కూడా బయ్యన్న ఏ వాలు దించే ముందైనా ఇలాగే అడిగేవాడు. "తడికంకర అయితే చెక్క మెత్తగా జారతాది. దిమ్మలు తీసేసి మోకు కోసెయ్. నేరుగా దిగుతా."

"మోకు కోసేదా?" అన్నాడు గంగప్ప. "వాలు మీద రాయిని వదిలేయమంటావా అన్నా? నా బతుకులో..."

"నీ బతుకులో ఎప్పుడూ వదల్లేదు. నాకు తెలుసు. ఇప్పుడు వదులు. సమ్మెట కింద చచ్చేకన్నా ఇది మేలు."

గంగప్ప మబ్బులోకి చూశాడు. ఏమీ కనబడలేదు. కనబడకపోయినా ఆ వాలు అతనికి తెలుసు. ఎందుకైనా మంచిదని నిన్న సాయంత్రం పలుగుతో అడుగడుగూ పొడిచి వచ్చాడు. సగం దిగాక కుడివైపున నేలలోంచి ఒక రాతికొమ్ము లేచి ఉంది. బల్లను తనంతట తాను వదిలేస్తే నేల ఒరుపుకు సరిగ్గా దాని మీదికే పోతుంది. ఎవరైనా బల్ల ఎడమ కొమ్మున నిలబడి, పలుగు నేలలో గుచ్చి ఈడ్చుకుంటూ పోతేనే అది పక్కకు తిరుగుతుంది. ఆ మాట అన్నకు చెబితే మోకు కోయనివ్వడు. సమ్మెటే నయమంటాడు.

"సరే అన్నా" అన్నాడు. పలుగు తీసుకున్నాడు. నడుముకున్న కొడవలి తీసి పళ్ళతో కరుచుకున్నాడు. బల్ల ఎక్కాడు. కాళ్ళు ఎంత వణికాయంటే చెక్క టకటకమని చప్పుడైంది.

అప్పుడు రాయి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. మూడు నెలలుగా వినబడని ఆ పిలుపు మబ్బంతా నిండింది. "సిద్దప్పా." "ఉండా పెద్దమేస్త్రీ." "యెంగటా." "ఉండా." ఏడుస్తూ పలికినవాళ్ళున్నారు. ఒకడికి నోరు పెగలక రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. "కొత్తాయన ఎవరో కత్తి తిప్పుతుండాడు, ఆయన పేరేంది?" "సోముడు" అన్నాడు యువరాజు రొప్పుతూ, "ఉండా."

"గంగా."

గంగప్ప కొడవలి నోట్లోంచి తీసి, గొంతు పైనుంచి వచ్చినట్టుండాలని మొహం ఎగువకు తిప్పి, నోటికి దోసిలి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పిలుపుకు అబద్ధం చెప్పడం అతనికి చిన్నప్పటినుంచీ తెలియదు. "ఉండా" అన్నాడు.

"యాడుండావు?"

"మొద్దు కాడ."

"సరే. దిమ్మలు తీయండి."

యెంగటడు, పుల్లయ్య ఎగువనుంచి తాళ్ళతో లాగితే దిమ్మలు ఊడాయి. బల్ల మోకుల మీద బిర్రబిగిసి మూలిగింది. గంగప్ప కళ్ళు మూసుకొని కొడవలి వేశాడు. మొదటి మోకు తెగింది. రెండోది కోయకముందే తనంతట తానే పేలిపోయింది.

మొదట ఏమీ జరగలేదు. ఆ తర్వాత కొండంతా కదిలింది. బల్ల జారడం కాదు, నేలే కాళ్ళ కిందనుంచి పైకి పారిపోతున్నట్టనిపించింది. కంకర వడగళ్ళలా మొహాన కొట్టింది.  గంగప్ప కేక పెట్టాడు. ఆ కేకకు మాటలు లేవు. కేక పెడుతూనే పలుగును ఎడమవైపు నేలలో గుచ్చి రొమ్ముకు హత్తుకున్నాడు. పలుగు నేలను చీల్చుకుంటూ నిప్పురవ్వలు ఎగజిమ్మింది. పక్కటెముకల్లో ఏదో పటుక్కుమంది.

"అబద్ధమాడినావురా" అంది రాయి.

గంగప్ప పలుగును ఇంకా లోతుకు అదిమాడు.

"బల్ల మీద నీ బరువు నాకు తెలీదనుకున్నావా? పద్దెనిమిదేళ్ళు నా పక్కన నడిచినోడివి. దూకెయ్. ఇప్పుడైనా దూకెయ్ గంగా."

"రాతికొమ్ము వస్తాండాది అన్నా, మాట్లాడించబాక."

మబ్బు ఒక్కసారి చిరిగి రాతికొమ్ము ఎదురుగా లేచింది, ఇంత ఎత్తున, నల్లగా. గంగప్ప పలుగు మీద పడిపోయాడు. పలుగు వంగింది. బల్ల ముక్కు ఎడమకు తిరిగింది. కొమ్ముకూ బండకూ మధ్య గోతంగుడ్డ పట్టేటంత సందు మిగిలింది. గోతం చీరుకుపోయింది, గడ్డి ఎగిరిపోయింది, రాయి మాత్రం తగల్లేదు. ఆ తర్వాత పలుగు చేతిలోంచి ఎగిరిపోయింది, వాలు చదునైంది, ఎదురుగా నీళ్ళు తెల్లగా పైకి లేచి విరిగిపడ్డాయి.

గంగప్ప కళ్ళు తెరిచేసరికి పాలగుండం గట్టున బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి తీస్తే రొమ్ములో పొడుస్తోంది. బల్ల ముందుభాగం గుండంలో దిగి నిలిచిపోయింది. బండ నడుముదాకా పాలలాంటి ఆ నీళ్ళలో ఉంది. ఎక్కడా బీట లేదు. అతను నాలుగు వైపులా పాకి చూసుకున్నాడు. తలగుడ్డ కట్టిన చోట తప్ప ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు. గంగప్పకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

నీటి అంచున రాయి మెత్తబడుతోంది. నలుపు వదులైపోయి, చామనచాయ తేలి, వేళ్ళు విడివడ్డాయి. బొటనవేలి గోరు పక్కన పాత ఉలిదెబ్బ మచ్చ ఉన్న చెయ్యి, బయ్యన్న కుడిచెయ్యి, నీళ్ళలోంచి పైకి లేచి తడుముకుంది. గంగప్ప దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది. తిరిగి పట్టుకుంది.

"వచ్చేసినావు అన్నా. ఇంకొంచెం. ఇంకొంచెం లోనికి తోస్తా."

అప్పుడు నీళ్ళ చప్పుడు మారింది.

వాలు కొమ్మున మబ్బు తొలగి కుంభీరకుడు నిలబడి ఉన్నాడు. వెనకాల కత్తుల చప్పుడు ఇంకా ఆగలేదు. అతను దండాన్ని నేలలో గుచ్చి రెండు చేతులా తిప్పుతున్నాడు. గుండం అవతలి గట్టున నేల నోరు తెరిచింది. మనిషి దూరేటంత బీట పడి, నీళ్ళు గుడగుడమంటూ అందులోకి దిగిపోసాగాయి. బండ నడుము దగ్గరున్న నీళ్ళు తొడలోతుకు దిగాయి. మెత్తబడిన చామనచాయ మళ్ళీ నల్లబడింది, ఆ నలుపు చేతివైపు పాకసాగింది.

"సిద్దప్పా" అని కేకపెట్టాడు గంగప్ప పైకి. "దిమ్మలు తీసుకొని అందరూ దిగండి. బీటలో రాళ్ళు కొట్టండి. గడ్డి, గోతాలు, ఏది దొరికితే అది కూరండి."

పైనుంచి కూలీలు కంకరలో కూర్చుని జారుకుంటూ వస్తున్నారు. సమ్మెటలు, దిమ్మలు, చినిగిన గోతాలు చేతబట్టుకొని వస్తున్నారు. దూరం చాలా ఉంది. నీళ్ళు మోకాటిలోతుకు దిగాయి.

బయ్యన్న మణికట్టు చల్లబడింది. గంగప్ప అరచేతిలో అన్న చర్మం గరుకుగా మారింది. ఆ చల్లదనం అక్కడ ఆగలేదు. గంగప్ప వేళ్ళ కొసలకు అంటుకుంది. గోళ్ళు నల్లబడ్డాయి. వేళ్ళు ముడుద్దామంటే ముడవలేదు.

"చెయ్యి తీసుకోరా" అంది రాయి. గొంతు సన్నబడుతోంది. "నీకూ పాకుతాది. వాళ్ళు వచ్చినంక మళ్ళీ పట్టుకుందువులే. తీసుకో గంగా."

ఇంకా సమయం ఉంది. మొదటి కణుపుల దాకానే వచ్చింది. గట్టిగా లాగితే ఊడివస్తుంది. కాని నలుపును తను పంచుకోబట్టే అది నెమ్మదిగా పాకుతోంది, వదిలేస్తే అన్న చెయ్యి కూడా వెంటనే రాయైపోతుంది. మనిషిగా మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే. గంగప్పకు పుట్టినప్పటినుంచి ఎరగనంత భయం వేసింది.  అమ్మా అని గట్టిగానే ఏడ్చాడు.

"యెంగటా" అని పిలిచాడు ఏడుస్తూనే. "ఉండా" అని వాలు మధ్యనుంచి బదులు వచ్చింది. "పుల్లయ్యా." "ఉండా." పేరు పేరునా పిలుస్తూ, గొంతులు ఎంత దగ్గరికి వచ్చాయో వింటూ, అన్న చేతిని ఇంకొంచెం గట్టిగా రొమ్ముకు హత్తుకున్నాడు. నలుపు అతని మణికట్టు దాటింది.